సెన్సర్ సైజు: డిజిటల్ కెమెరాలో ఎకరాలూ సెంట్లూ

డిజిటల్ కెమెరాలో లెన్సు వెనక వెలుతురు వచ్చి పడే సిలికాన్ పలకను సెన్సర్ అంటారు. ఆ పలక పొడవు వెడల్పులే సెన్సర్ సైజు. ఒకప్పుడు ఫిల్ము ముక్క చేసిన పని ఇప్పుడు ఇది చేస్తోంది. ఫొటో నాణ్యతను తేల్చేవాటిలో లెన్సు తరువాతి స్థానం దీనిదే. అయినా కర్నూలు జిల్లా కోడుమూరులోనైనా, హైదరాబాదులోనైనా కెమెరా కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని మెగాపిక్సెళ్లు?’ అనే. డబ్బా మీద పెద్దక్షరాల్లో అచ్చయ్యేదీ ఆ అంకే. సెన్సర్ కొలత మాత్రం లోపలి కాగితంలో ఎక్కడో, అదీ 1/2.3, 1/1.3 లాంటి అంతుపట్టని భిన్నాల్లో ఉంటుంది.

కోడుమూరు హంద్రీ ఒడ్డున ఉన్న మెట్ట ప్రాంతం. వానను నమ్ముకుని సేద్యం చేసేవాళ్లకు సెన్సర్ సంగతి అర్థం చేసుకోవడం తేలిక. ఒకే వాన ఎకరా చేలోనూ పడుతుంది, పది సెంట్ల దొడ్లోనూ పడుతుంది. సెంటుకు పడే నీళ్లు రెండు చోట్లా సమానమే. కానీ గట్టు వేసి నిలబెడితే ఎకరాలో నిలిచేవి పదింతలు. లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందన్నది వాన జోరు, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందన్నది వాన కురిసిన సేపు, సెన్సర్ సైజు చేను విస్తీర్ణం. ఈ మూడూ కలిస్తేనే ఫొటోకు చేరిన మొత్తం వెలుతురు లెక్క తేలుతుంది. మొదటి రెండూ ఫొటో తీసేవాడి చేతిలో ఉంటాయి. మూడోది కెమెరా కొన్న రోజే ఖాయమైపోతుంది.

కొలతలు

పోలికకు అందరూ పట్టుకునే కొలమానం ఫుల్‌ఫ్రేమ్. ఇది 36 × 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. దీన్ని ఒక ఎకరా అనుకుంటే మిగతావన్నీ సెంట్లలోకి దిగుతాయి. పెళ్లి ఫొటోల్లో బాగా వాడుకలో ఉన్న ఏపీఎస్-సి సెన్సర్ నికాన్, సోనీ కెమెరాల్లో దాదాపు 23.5 × 15.6 మిల్లీమీటర్లు, అంటే 42 సెంట్లు. కెనాన్ ఏపీఎస్-సి ఇంకాస్త చిన్నది, 38 సెంట్ల పైచిలుకు. ఒలింపస్, పానసోనిక్ కెమెరాల్లోని మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మిల్లీమీటర్లు, 26 సెంట్లు. ‘వన్ ఇంచ్’ అని పిలిచే సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లు, 13 సెంట్ల చిల్లర. ఖరీదైన ఫోన్లలో ప్రధాన కెమెరా వెనక ఉండే 1/1.3 అంగుళాల రకానికి 8 సెంట్లు. పదిహేనేళ్ల కిందట ప్రతి ఇంటా కనిపించిన జేబు కెమెరాల్లోని 1/2.3 అంగుళాల రకానికి మూడు సెంట్లే. పునాది తవ్వుకోవడానికి చాలుతుంది గానీ పంటకు కాదు. పై వైపు చూస్తే, ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుస కెమెరాల్లో ఉండే 44 × 33 మిల్లీమీటర్ల మీడియం ఫార్మాట్ ఎకరా 68 సెంట్లు.

ఇక అంగుళాల పేర్లలోని మెలిక. వన్ ఇంచ్ సెన్సర్ ఏ వైపు నుంచి కొలిచినా అంగుళం ఉండదు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. ఈ సెన్సర్ మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు దాటదు. ఈ పేర్లు పాత టెలివిజన్ కెమెరాల్లోని విడికాన్ అనే గాజు గొట్టాల కాలం నుంచి వచ్చాయి. అప్పట్లో గొట్టం బయటి వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పేవారు. లోపల బొమ్మ పడే భాగం అందులో మూడింట రెండు వంతులే ఉండేది. గొట్టాలు పోయి దశాబ్దాలైనా లెక్క మాత్రం అలాగే మిగిలింది. గోడల మందం కలిపి గది కొలత చెప్పడం లాంటిదిది. అమ్మేవాళ్లకు లాభమే కాబట్టి మార్చాలన్న తొందర ఎవరికీ లేదు. కొనేవాడు మిల్లీమీటర్లలో అడిగి తెలుసుకోవడమే మేలు.

ఫిల్ము కాలపు ఆస్తులు

వెలుతురు పడే జాగా ఎంత పెద్దదైతే బొమ్మ అంత నిండుగా వస్తుందన్న ఎరుక డిజిటల్‌తో మొదలైంది కాదు. కోడుమూరుకు పడమరగా, బళ్లారి దాటాక వచ్చే హంపి శిథిలాలను 1856 ప్రాంతంలో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఆయన వాడినవి సుమారు 16 × 18 అంగుళాల కాగితపు నెగటివ్‌లు. మన లెక్కలో ఒక్కో నెగటివ్ రెండు వందల ఎకరాలు దాటుతుంది. అప్పటికి ఫొటోను పెద్దది చేసే వసతి దాదాపు లేదు. నెగటివ్ ఎంత ఉంటే బొమ్మా అంతే వచ్చేది. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ కూడా పెద్ద గాజు పలకల మీదే పని చేశారు. ఆ బొమ్మల్లో జరీ అంచులూ రాతి చెక్కడాలూ ఇవాళ్టికీ చెక్కు చెదరకుండా కనబడటానికి లెన్సు ఎంత కారణమో పలక సైజు అంతే కారణం.

ఆ తరువాత జాగా తగ్గుతూ వచ్చింది. పల్లె స్టూడియోలు చాలాకాలం నడిచింది 120 రోల్ ఫిల్ముతో. ఒక రోల్‌కు 12 చదరపు ఫొటోలు, ఒక్కోటి దాదాపు 56 × 56 మిల్లీమీటర్లు. మన దేశంలోనే తయారై ఊరూరా తిరిగిన ఆగ్ఫా క్లిక్ III కెమెరాలో వేసిందీ ఈ ఫిల్మే. ఊటీలో 1960లో మొదలైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము అమ్మేది. ఎకరాల్లో చూస్తే తాతగారి క్లిక్ కెమెరా మూడెకరాల 63 సెంట్ల ఆసామి. నేటి ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు మూడున్నర రెట్లు పైనే. అయితే ఆ బొమ్మలు నేటి ఫుల్‌ఫ్రేమ్ బొమ్మలంత పదునుగా ఎందుకు లేవు? లెన్సు మరీ సాదాది కనుక. నేల ఎంతున్నా విత్తనం నాసిరకమైతే ఇంతే సంగతులు. సెన్సర్ సైజు గురించి మితిమీరి మాట్లాడేవాళ్లకు ఈ ఒక్క పాత కెమెరా చూపిస్తే చాలు.

నేటి ‘ఫుల్’ ఫ్రేమ్ పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి, సినిమా ఫ్రేముకు రెండింతలు చేసి 24 × 36 మిల్లీమీటర్ల ఫొటో తీశాడు. 1925లో ఆ కెమెరా లైకా పేరుతో బజారుకొచ్చింది. ఆనాటి లెక్కలో అది చిన్న ఫిల్ము, పెద్ద కెమెరాలు మోయలేనివాళ్ల కోసం. మిగతావన్నీ అంతకంటే చిన్నవైపోయాక ఇదే నిండైనది అయింది. సైజు మాట తెలుగు ప్రేక్షకుడికి కొత్తదేం కాదు. 1986లో కృష్ణ ‘సింహాసనం’ తొలి తెలుగు 70 ఎంఎం చిత్రంగా వచ్చినప్పుడు పోస్టర్ మీద ఆ అంకెను చూసే జనం టికెట్ల కోసం తోసుకున్నారు. ఫిల్ము వెడల్పు పెరిగితే తెర మీద ఏం మారుతుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

సిలికాన్ ఖరీదు

ఫిల్ము స్థానంలో వచ్చిన సిలికాన్‌కు మూలం 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి చేసిన సీసీడీ. దీనికే వాళ్లకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో అడ్డం నూరు, నిలువు నూరు చుక్కలే ఉండేవి. ఆ తరువాత సీసీడీని వెనక్కి నెట్టి సీమాస్ అనే రకం నిలదొక్కుకుంది. ఇవాళ ఫోన్లలోనూ కెమెరాల్లోనూ ఉన్నది అదే.

పెద్ద సెన్సర్ ఖరీదు ఎందుకన్నది బేతంచెర్ల నాపరాయి క్వారీ చూసినవాళ్లకు వెంటనే తడుతుంది. పెద్ద బండ తీయాలనుకున్నచోట ఒక్క చీలిక కనబడిందంటే బండంతా పనికిరాదు. అదే రాయిని అడుగు బిళ్లలుగా కోస్తే చీలిక ఉన్న ఒకటి రెండు పోయి మిగతావి అమ్ముడుపోతాయి. సెన్సర్లనూ గుండ్రటి సిలికాన్ పళ్లెం నుంచి కోస్తారు. 300 మిల్లీమీటర్ల పళ్లెంలో వైశాల్యం లెక్కన ఫుల్‌ఫ్రేమ్ ముక్కలు 80 రావాలి. అంచుల్లో వృథా పోగా అన్నీ రావు, వచ్చినవాటిలోనూ లోపం ఉన్నవాటిని తీసేయాలి. 1/2.3 అంగుళాల ముక్కలైతే అదే పళ్లెంలో రెండు వేలు దాటుతాయి. దీనికి తోడు ఇంకో చిక్కు. చిప్పులు అచ్చువేసే యంత్రం ఒక దెబ్బకు ముద్రించగల జాగా 26 × 33 మిల్లీమీటర్లే. ఫుల్‌ఫ్రేమ్ అందులో పట్టదు. రెండు మూడు దెబ్బల్లో ముద్రించి అతుకు తెలియకుండా కలపాలి.

అందుకే లోపల అద్దం ఉండే డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలు మొదట చిన్న సెన్సర్లతోనే వచ్చాయి. 1999 నాటి నికాన్ డీ1 ఏపీఎస్-సి సైజుదే. ఏపీఎస్ అన్నది 1996లో వచ్చి నిలబడలేకపోయిన ఒక ఫిల్ము పద్ధతి పేరు. ఫిల్ము పోయినా పేరు సెన్సర్‌కు మిగిలింది. 2002లో కాంటాక్స్ ఎన్ డిజిటల్, అదే ఏడాది కెనాన్ 1డీఎస్ ఫుల్‌ఫ్రేమ్‌ను తెచ్చాయి. 2005లో కెనాన్ 5డీతో అది మామూలు వృత్తి ఫొటోగ్రాఫర్‌కు అందే దూరంలోకి వచ్చింది. 2008 నాటి 5డీ మార్క్ 2 వీడియో కూడా తీయడంతో పెళ్లి వీడియోల తీరే మారిపోయింది. 2013లో సోనీ ఏ7తో అద్దం లేని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు మొదలయ్యాయి.

తెలుగు సినిమా నడక కూడా ఇదే. 2015 నాటి ‘బాహుబలి’ని ఛాయాగ్రాహకుడు కె.కె.సెంథిల్ కుమార్ చిత్రీకరించిన ఆరీ అలెక్సా ఎక్స్‌టీ సెన్సర్ దాదాపు 28 × 18 మిల్లీమీటర్లు, 59 సెంట్లు. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’కు ఆయనే వాడిన అలెక్సా ఎల్ఎఫ్ సెన్సర్ 36.7 × 25.5 మిల్లీమీటర్లు, ఎకరా 8 సెంట్లు.

మెగాపిక్సెళ్ల ఎర

చేను అదే అయినప్పుడు మొక్కలు దగ్గర దగ్గరగా నాటినంత మాత్రాన దిగుబడి పెరగదు. ఒక్కో మొక్కకు అందే నీరు తగ్గుతుంది. మెగాపిక్సెళ్ల కథ సగం ఇదే. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు దాదాపు 6 మైక్రాన్లు. 2019లో శాంసంగ్ తెచ్చిన 108 మెగాపిక్సెళ్ల ఫోన్ సెన్సర్‌లో 0.8 మైక్రాన్. వైశాల్యంలో ఒకటికి యాభై రెట్లు పైగా తేడా.

వెలుతురు ధారగా కాదు, కణాలుగా వస్తుంది. ఒక పిక్సెల్‌లో సగటున 100 కణాలు పడాల్సిన చోట ఒకసారి 90, ఒకసారి 110 పడతాయి. నూటికి పది తేడా. పదివేలు పడేచోట తేడా నూరే, అంటే నూటికి ఒకటి. చీకట్లో తీసిన ఫొటోలో ముఖాల మీద ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుకు అసలు కారణం ఈ తేడానే. దీన్నే నాయిస్ అంటారు. కెమెరాలోని ఐఎస్ఓ అనే అమరికను పెంచితే వెలుతురు పెరగదు. ఉన్న కొద్ది వెలుతురునే, గరుకుతో సహా, పెద్దది చేసి చూపిస్తుంది.

మిగతా సగం కథ కూడా చెప్పుకోవాలి. ఒకే సైజు సెన్సర్‌లో పిక్సెళ్లు చిన్నవైనంత మాత్రాన మొత్తం బొమ్మ పాడవదు. పక్కపక్కవి కలిపి చూస్తే లెక్క దాదాపు సమానమవుతుంది. ఫోన్లు చేసేది ఇదే: కొన్ని 108 మెగాపిక్సెళ్ల ఫోన్లు తొమ్మిదేసి పిక్సెళ్లు కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తాయి. కాబట్టి పిక్సెళ్లు ఎక్కువైతే నష్టమని కాదు, జాగా పెరగకుండా పిక్సెళ్లు పెంచితే లాభం లేదని.

పెళ్లి ఆల్బమ్‌కు ఎన్ని కావాలి? 12 × 36 అంగుళాల షీటులో ఒక పక్క పేజీ 12 × 18. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 × 5400, అంటే 19 మెగాపిక్సెళ్ల పైచిలుకు. 24 ఉంటే పేజీ నిండా ఒకే ఫొటో వేసినా సరిపోతుంది. అంతకు మించినవి ఎక్కువగా హార్డ్ డిస్కులు నింపడానికే. ఒక మినహాయింపు ఉంది. ఎమ్మిగనూరు నేత గుడ్డ మీది సన్న గళ్లు, పిక్సెళ్ల వరసలతో దాదాపు సమానమైన దగ్గరితనంలో పడితే, ఫొటోలో లేని రంగుల అలలు లేస్తాయి. దీన్ని మోరే అంటారు. పిక్సెళ్లు ఎక్కువ ఉన్నచోట ఈ బెడద తగ్గుతుంది.

క్రాప్, దూరం, మసక

ఫుల్‌ఫ్రేమ్ మూల కొలతను చిన్న సెన్సర్ మూల కొలతతో భాగిస్తే వచ్చేది క్రాప్ ఫ్యాక్టర్. ఏపీఎస్-సికి 1.5 లేదా 1.6, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2, వన్ ఇంచ్‌కు 2.7. 50 ఎంఎం లెన్సు ఏపీఎస్-సి మీద 75 ఎంఎం చూసినంత ఇరుకుగా చూస్తుంది. పాత మిద్దె ఇంటి పడసాలలో వియ్యాలవారందరినీ ఒక ఫ్రేములోకి తేవాలంటే ఇది ఇబ్బందే. వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం. అదే గుణం రోళ్లపాడులో వరమవుతుంది. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పడిన ఈ గడ్డిభూముల అభయారణ్యంలో బట్టమేక కనబడటం ఇప్పుడు దుర్లభమే గానీ కృష్ణజింకలున్నాయి, అవి మనిషిని దగ్గరికి రానివ్వవు. 400 ఎంఎం లెన్సు ఏపీఎస్-సి మీద 600 అంత దగ్గరగా చూపుతుంది. నిజానికి లెన్సు పొడవేం పెరగలేదు. బొమ్మ నడిమి భాగాన్నే తీసుకున్నట్టు. ఫుల్‌ఫ్రేమ్ ఫొటోను తరువాత కత్తిరించినా వచ్చేది అదే, పిక్సెళ్లు తగ్గుతాయి అంతే.

వెనక దృశ్యం మసకబారి మనిషి ముందుకు తేలి కనబడే పోర్ట్రెయిట్‌కు కూడా ఈ లెక్కే. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ అంకెలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/1.8 ఇచ్చే మసక మైక్రో ఫోర్ థర్డ్స్ మీద కావాలంటే ఎఫ్/0.9 లెన్సు కావాలి. 1/1.3 రకం ఫోన్‌లో ఎఫ్/1.8 అని రాసి ఉన్నా, మసక విషయంలో అది ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/6.5తో సమానం. అందుకే ఫోన్లు మసకను లెక్కగట్టి పూస్తాయి. పెళ్లికూతురి పూలజడ అంచుల్లో మల్లెమొగ్గలు తెగిపోయి, జుంకాల సందుల్లో వెనకున్న గోడ స్పష్టంగా మిగిలిపోయేది ఇక్కడే.

ఎండలో, గుహలో, దివిటీల వెలుగులో

రాయలసీమ మధ్యాహ్నపు ఎండలో సెన్సర్ సైజు తేడా దాదాపు మాయమవుతుంది. ఐఎస్ఓ 100, ఎఫ్/16, సెకనులో నూరో వంతు చాలు. ఓర్వకల్లు రాతివనాల్లో తీసిన ఫోన్ ఫొటోనూ ఫుల్‌ఫ్రేమ్ ఫొటోనూ ఫోన్ తెర మీద పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. తేడా వచ్చేదల్లా వెలుగునీడలు ఒకే ఫ్రేములో పడినప్పుడు. చిన్న పిక్సెల్ చిన్న తొట్టి లాంటిది, తొందరగా నిండి పొర్లుతుంది. నీడలో ముఖం కనబడేలా తీస్తే తెల్ల పంచె తెల్ల కాగితంలా, మడతలు లేకుండా వస్తుంది. వరసగా కొన్ని ఫొటోలు తీసి కలపడంతో ఫోన్లు దీన్ని చాలావరకు దాటాయి.

ఎండ మరో రకంగా దెబ్బ తీస్తుంది. సెన్సర్ వేడెక్కితే వెలుతురు పడకపోయినా ఎలక్ట్రాన్లు వాటంతటవే పుడతాయి. ఆరేడు డిగ్రీలు పెరిగితే ఇవి దాదాపు రెట్టింపవుతాయి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన పందిట్లో గంటలకొద్దీ వీడియో తీస్తే కెమెరాలు వేడికి ఆగిపోవడం ఉంది. పెద్ద సెన్సర్ నుంచి ఎక్కువ సమాచారం లాగాలి కాబట్టి వేడీ ఎక్కువే.

బెలూం గుహలు ఇంకో కొస. 3 కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ గుహల్లో వెలుతురు తక్కువే అయినా రాళ్లు కదలవు. స్టాండు మీద పెట్టి పది సెకన్లు తెరిచి ఉంచితే చిన్న సెన్సరూ నిండుతుంది. వాన సన్నదైనా ఎక్కువసేపు కురిసినట్టు. వెనక వైపు నుంచి వెలుతురు తీసుకునే సెన్సర్లు 2009 ప్రాంతంలో బజారుకొచ్చాక ఫోన్లు ఇలాంటి చోట్ల చాలా బాగుపడ్డాయి. అంతకుముందు తీగలు పైన పరుచుకుని వెలుతురుకు అడ్డుపడేవి. జాగా తక్కువున్న చోటే ఆ అడ్డు ఎక్కువ నష్టం చేసేది కాబట్టి లాభమూ చిన్నవాటికే ఎక్కువ దక్కింది.

వెలుతురూ లేక, కదలికా ఆగక ఉండే చోటు హొళగుంద మండలం దేవరగట్టు. విజయదశమి రాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడే బన్ని ఉత్సవానికి వెలుగు చాలామటుకు దివిటీలదే. ఫోన్ ఇక్కడ పది ఫొటోలు తీసి కలపబోతే, పదింటిలోనూ కర్ర పది చోట్ల ఉంటుంది. కలిపాక మిగిలేది పొగ. కర్ర ఆగి కనబడాలంటే షట్టర్ సెకనులో 250వ వంతైనా ఉండాలి. ఎఫ్/2.8 లెన్సుతో ఐఎస్ఓ 12,800 దాకా పోవాల్సి వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో అది గరుకుగా ఉన్నా ముఖం గుర్తుపట్టేలా ఉంటుంది. అదే ఎఫ్/2.8, అదే షట్టర్‌తో మైక్రో ఫోర్ థర్డ్స్‌లో తీస్తే, గరుకు ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ 51,200 పెట్టినంత వస్తుంది. ఎఫ్/1.4 లెన్సు తగిలిస్తే ఆ తేడా పూడుతుంది, కాకపోతే ఆ లెన్సు బరువూ ధరా కలుపుకుంటే మిగిలిందేమిటో లెక్క వేసుకోవాలి. ఫ్లాష్ వేయవచ్చు గానీ, వేస్తే దివిటీల ఎరుపు పోయి కర్రలు పట్టుకున్న మనుషులు పెళ్లి ఆల్బమ్‌లోని చుట్టాల్లా కనబడతారు.